కారుగారి సస్పెన్షన్

పెదగరువు జిల్లా క్రీడల శాఖకి స్పోర్ట్స్ కారు ఎందుకొచ్చిందయ్యా అంటే, అది స్పోర్ట్స్ కారు కాబట్టి వచ్చింది. అంతకుమించి కారణం వెతికితే మీకే తలనొప్పి. జనానికి టోపీ పెట్టి ఉడాయించిన ఒక కంపెనీ పెద్దమనిషి దగ్గర ప్రభుత్వం ఆస్తులు జప్తు చేసింది. వాటిని శాఖలకి పంచడానికి కమిటీ కూర్చుంది. మంచాలు ఆస్పత్రులకి పోయాయి, చేపల తొట్టి మత్స్యశాఖకి పోయింది. ఎర్రటి కారు వంతు వచ్చేసరికి కమిటీ అధ్యక్షులవారు "ఇదేం కారు?" అని అడిగారు. "స్పోర్ట్స్ కారండీ" అన్నారెవరో. "పేరులోనే ఉంది కదయ్యా, ఇంకా చర్చెందుకు?" అన్నారాయన. టీ చల్లారేలోగా పనైపోయింది. కిందటేడు ఎక్కువ పతకాలు తెచ్చింది పెదగరువు జిల్లా కాబట్టి, బహుమానంగా ఆ జిల్లాకే పంపారు.

బహుమానాన్ని చూసి జిల్లా క్రీడాధికారి గొర్లె దమయంతి తల పట్టుకుంది. ఆవిడ ఒకప్పుడు వెయిట్ లిఫ్టింగులో రాష్ట్రం తరఫున పోటీ పడ్డ మనిషి. ఇప్పుడు నలుగురు ఆడపిల్లల్ని చేరదీసి, స్టేడియంలో ఓ మూల రేకుల షెడ్డు కింద వాళ్ళచేత బరువులెత్తిస్తోంది. వాళ్ళని పోటీలకి తీసుకెళ్ళడానికి శాఖకి ఒక పాత వ్యానుండేది. ఉండేది అంటున్నాను చూడండి, అక్కడే ఉంది చిక్కంతా. ఒక కార్యాలయానికి ఒకే వాహనం అని నిబంధన. కారు గేటు దాటి లోపలికి రాగానే వ్యాను మిగులు వాహనమైపోయింది. దాని స్టీరింగుకి లక్కముద్ర వేసి, స్టేడియం వెనక కానుగ చెట్టు కింద పడేశారు.

వచ్చిన కారుకేమో రెండే సీట్లు. నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంటుంది. ఎవరైనా కారు ఎక్కుతారు. డ్రైవర్ సింహాద్రి మాత్రం ఆ కారులోకి దిగేవాడు. బయటికి రావాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాలి.

ఇంకో నిబంధన కూడా ఉంది. శాఖ వాహనం వెంట లేని జట్టుని పోటీల ప్రాంగణంలోకి అడుగుపెట్టనివ్వరు. ఎప్పుడో ఎక్కడో ఎవరో, పోటీలకి పోకుండానే పోయామని చెప్పి ప్రయాణ భత్యం దిగమింగారట. ఆ పాపం అందరి నెత్తికీ చుట్టుకుంది.

అలా మొదటిసారి, పక్క పట్నంలో జోన్ పోటీలకి బయల్దేరారు. ముందు కారులో సింహాద్రీ దమయంతీ, వెనక ఆటోలో నలుగురు పిల్లలూ బరువుల సంచులూ. ఊరి పొలిమేర దాటకుండానే మొదటి స్పీడ్ బ్రేకరు తగిలింది. మన వైపు స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలుసు కదా, ఎవరి గుమ్మం ముందు వాళ్ళు ఓపికున్నంత ఎత్తు పోసుకుంటారు. కారు పొట్ట దానిమీద కూర్చుండిపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు.

ఆటోలోంచి పైల నీలవేణి దిగింది. నలుగురిలోకీ గట్టి పిల్ల, మాటకి ముందు చెయ్యి లేస్తుంది. చుట్టూ తిరిగి చూసి, "ఏటి మేడమ్ ఇది, ఇంతేనా బరువు?" అని ముందు భాగం పట్టుకుంది. మిగతా ముగ్గురూ చేతులు వేశారు. దమయంతికి అలవాటు చొప్పున నోట్లోంచి "నడుం నిటారు, మోకాళ్ళతో లేవండి" అని వచ్చేసింది. కారు లేచింది, స్పీడ్ బ్రేకరు దాటింది. బడ్డీ కొట్టు దగ్గరున్న జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత ఊళ్ళో ఇంకోటి. ఆ తర్వాత ఊళ్ళో వరసగా మూడు. కారుని ఎత్తే ఆడపిల్లలొస్తున్నారని కబురు వాళ్ళకంటే ముందే పాకిపోయింది. జనం దారి పొడుగునా కాచుకుని ఉన్నారు. ఒక ఊళ్ళోనైతే స్పీడ్ బ్రేకరు లేకపోయేసరికి ఇద్దరు కుర్రాళ్ళు అప్పటికప్పుడు మట్టి తెచ్చి పోశారు. సరదాగానే ఉంది, కాదనను. కానీ పట్నం చేరేసరికి పిల్లల చేతులు వణుకుతున్నాయి. నీలవేణి రోజూ అవలీలగా ఎత్తే బరువు మోకాళ్ళ దాకా వచ్చి జారిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు. చేతులకున్న సుద్దపొడిని చూసుకుంటూ కూర్చుంది. దమయంతి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది.

ఎందుకంటే వచ్చే నెలలో రాజధానిలో రాష్ట్ర జట్టు ఎంపిక. నీలవేణికి జూనియర్లలో ఇదే ఆఖరి ఏడు, ఆ తర్వాత వయసు దాటిపోతుంది. ఈసారి తప్పితే ఆ పిల్ల మళ్ళీ జీడిపప్పు బట్టీలో పనికి పోవాలి. జోన్ పోటీల పట్నం ఎక్కడ, రాజధాని ఎక్కడ? దారిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ ఎత్తుకుంటూ పోతే ఆ పిల్లలకి భుజాలు మిగలవు.

వ్యాను ఇప్పించమని దమయంతి అడిగి చూసింది. కుదరదన్నారు. సరే, ఉన్న కారునే బాగుచేయిద్దామని మహానగరంలో ఆ కంపెనీ షోరూముకి వెళ్ళింది. అక్కడ టై కట్టుకున్న సలహాదారుడొకడు ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, కారు జాతకం విన్నాడు.

"సస్పెన్షన్ అప్‌గ్రేడ్ చేయించండి మేడమ్. చక్రాల మీదుండే స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ మార్చాలి. రోడ్లు బాగోని దేశాల కోసం మా ఫ్యాక్టరీయే ఒక సెట్టు చేస్తుంది. కారు జానెడు పైకి లేస్తుంది."

"ఇక్కడెక్కడైనా విడిగా స్ప్రింగులు కొని వేయిస్తే?"

సలహాదారుడు చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అంత మాటనకండి మేడమ్. స్ప్రింగు ఒకచోటిదీ షాక్ అబ్జార్బరు ఇంకోచోటిదీ అయితే కాపరం చెయ్యవు. అది ఎగురుతుంటే ఇది ఆపలేదు, ఇది ఆపుతుంటే అది వినదు. కారు గెంతులేస్తుంది. ఫ్యాక్టరీలో రెండింటికీ జోడీ కుదిర్చి పంపుతారు. నాలుగు చక్రాలకీ నాలుగు జోడీలు. అవే వెయ్యాలి."

దమయంతికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే డైరెక్టరేటుకి లేఖ రాసింది. విషయం: క్రీడల శాఖ స్పోర్ట్స్ కారు సస్పెన్షన్ అప్‌గ్రేడ్ చేయుటకు అనుమతి కోరుట గురించి.

పాపం, మంచి మనసుతోనే రాసింది. కానీ ఆ లేఖ జాయింట్ డైరెక్టర్ కుంచనపల్లి మార్తాండరావుగారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయనకీ ఆటలకీ ఉన్న సంబంధం ఒకటే, నిబంధనలతో ఆడుకుంటారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చేతిమీదుగా సస్పెండైన వాళ్ళని మైదానంలో దింపితే కబడ్డీ జట్లు చాలా తయారవుతాయి. సస్పెన్షన్ అనే మాటకి ఇంకో అర్థం ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మూడో రోజు ఆయనే ఫోన్ చేశారు.

"దమయంతిగారూ, మీ లేఖ మా పరిశీలనలో ఉన్నది. సదరు కారు సస్పెన్షన్‌లో ఉన్న సంగతి ఇంతవరకూ ఈ కార్యాలయం దృష్టికి ఎందుకు తేలేదు?"

"సార్, సస్పెన్షన్ దానికి మొదట్నించీ ఉన్నదే. ఫ్యాక్టరీ నుంచే దాంతో వచ్చింది."

"అనగా నియామకం నాటికే సస్పెన్షన్‌లో ఉన్నది."

"ప్రతి కారుకీ ఉంటుంది సార్."

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "డైరెక్టరుగారి కారుకి కూడానా?"

"ఉండకపోతే ఆయన నడుం ఏమైపోయేది సార్?"

"ఈ మాట ఇంకెక్కడా అనకండి. ఇంతకీ మీ కారుకి ఎన్ని?"

"ముందు రెండు, వెనక రెండు సార్."

"వెనక రెండు అయ్యాయంటే ఒప్పుకుంటాను. ముందుముందు ఇంకో రెండు అవుతాయని మీకెలా తెలుసు?"

దమయంతి ఫోను చెవి నుంచి తీసి ఒకసారి చూసుకుని మళ్ళీ పెట్టుకుంది.

"పోనీ, సర్వీసు ఎలా ఉంది?" అన్నారాయన.

"సర్వీసింగ్ సక్రమంగా జరుగుతోంది సార్. ఈమధ్యనే ఇంజన్ ఆయిల్ మార్పించాం. ఇప్పుడు కావలసిందల్లా షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులతో జోడీ కుదిర్చిన ఫ్యాక్టరీ సెట్టు."

"అబ్జార్బ్ చేయడమన్న ప్రసక్తే లేదు. బయటివారిని శాఖలో విలీనం చేసుకోవడంపై నిషేధం అమల్లో ఉన్నది. అందునా ఫ్యాక్టరీవారంటే కార్మిక శాఖ పరిధి."

"సార్, మీరు వేరేగా అనుకుంటున్నారు. సస్పెన్షన్ అంటే కారు కింద ఉండే..."

"అమ్మా, సస్పెన్షన్ అంటే ఏమిటో నాకు చెప్పకండి. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని."

ఫోన్ పెట్టేశారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దమయంతి దాన్ని నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని పూర్తి చేసింది.

"సదరు కారును ఎవరు, ఎప్పుడు, ఏ కారణమున సస్పెండు చేసినదీ రికార్డులలో లభ్యము కానందునను, లేని సస్పెన్షన్‌ను అప్‌గ్రేడు చేయుటకు నిబంధనలు అంగీకరించనందునను, ముందుగా సదరు కారును తక్షణము సస్పెండు చేయడమైనది. సస్పెన్షన్ కాలములో సదరు కారు ముందస్తు అనుమతి లేనిదే హెడ్‌క్వార్టర్స్ విడిచిపోరాదు. జీవన భృతి క్రింద సగము పెట్రోలు మంజూరు చేయడమైనది. సస్పెన్షన్‌కు పై మెట్టు డిస్మిసల్ కావున, కోరిన అప్‌గ్రేడు నిమిత్తము శాఖాపరమైన విచారణ జరుపబడును."

కారుని తోసుకెళ్ళి స్టేడియం వెనక, వ్యాను పక్కనే కానుగ చెట్టు కింద నిలబెట్టారు. సింహాద్రి తుడిచే గుడ్డ తెచ్చి దాని అద్దం తుడిచాడు. అతనికి దానిమీద ఒక్కసారిగా జాలి పుట్టుకొచ్చింది. ఎందుకంటే అతనికీ అయింది సస్పెన్షన్. అప్పట్లో మార్తాండరావుగారు తనిఖీకొచ్చి వ్యాను ఎక్కితే గెస్టుహౌసు గేటు దగ్గర టైరు పంక్చరైంది. ఉన్నతాధికారి గమనానికి అవరోధం కల్పించిన నేరానికి ఇంట్లో కూర్చోబెట్టారు. టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చుంటే జనం పక్కకి జరిగేవారు. సొంత బావమరిది కూడా ఏం తప్పు చేశావని అడక్కుండా, ఎంత తిన్నావని అడిగాడు. ఆ పంక్చరు సంగతి తేలడానికి ఏడాది పట్టింది. ఎవరైనా ఆ మాట ఎత్తితే సింహాద్రి ఇప్పటికీ లేచి వెళ్ళిపోతాడు.

"బాధపడకే తల్లీ. నాకూ అయింది. మొదట్లోనే కష్టంగా ఉంటాది, తర్వాత ఇంకా కష్టంగా ఉంటాది. అలవాటైపోద్ది" అని బానెట్టు నిమిరాడు.

దమయంతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎంపిక పోటీలు దగ్గరపడుతున్నాయి. ఇదివరకు పనికిరాని కారైనా ఉండేది, ఇప్పుడదీ లేదు. నీలవేణి మాత్రం ఏమీ అడగకుండా రోజూ పొద్దున్నే వచ్చి బరువులెత్తి వెళ్తోంది. ఆ అడక్కపోవడమే దమయంతి భరించలేకపోయింది.

విచారణకి మార్తాండరావుగారే స్వయంగా వచ్చారు. చెట్టు కింద కారుకి ఎదురుగా బల్ల వేయించారు, దానిమీద ఆకుపచ్చ గుడ్డ పరిపించారు. కారుకి తోడుగా మాట్లాడేందుకు సాటి ఉద్యోగి ఒకరుండాలి, అది దాని హక్కు అన్నారు. పక్కనే వ్యాను ఉంది కదా, సరిపోతుందన్నారు. సింహాద్రి కారు పక్కన చేతులు జేబులో పెట్టుకుని నిలబడ్డాడు.

మార్తాండరావుగారు గొంతు సవరించుకుని అభియోగాలు చదివారు. ప్రజాధనంతో పోసిన స్పీడ్ బ్రేకర్లను పొట్టతో గీకి నష్టపరిచినది. గాలివేగమున పోగల సామర్థ్యముండీ ఎడ్లబండి వేగమున పోయి విధి నిర్వహణలో అలసత్వము చూపినది. కార్యాలయ మర్యాదకు తగని ఎర్రని రంగులో విధులకు హాజరైనది.

"పై అభియోగాలను అంగీకరిస్తున్నావా?" అని కారుని అడిగారు.

కానుగ చెట్టు మీద కాకి కూడా నోరు మూసుకుంది. సింహాద్రి కంగారుపడి జేబులో తాళంచెవి గట్టిగా పట్టుకునేసరికి దాని బొత్తాం నొక్కుకుపోయింది. కారు కుయ్యి కుయ్యిమని అరిచి, నాలుగు మూలలా దీపాలు వెలిగించి ఆర్పింది.

"రెండుసార్లు అంగీకరించినది, కన్నులార్పుతూ పశ్చాత్తాపము ప్రకటించినది అని రాసుకోండి" అన్నారు మార్తాండరావుగారు తృప్తిగా.

నీలవేణి రేకుల షెడ్డులోకి పరిగెత్తి, అక్కడ నోట్లో తువ్వాలు కుక్కుకుని పొట్ట పట్టుకుంది. దమయంతి పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటోంది. ఆపుకుంటూ ఆపుకుంటూ ఆకుపచ్చ గుడ్డ వంక చూసింది, వ్యాను వంక చూసింది. అప్పుడు తట్టింది ఆవిడకి. ఈయన భాష ఈయనకే వాడితే పోలా?

"సార్, ఒక మనవి. అధికారి ఎవరైనా సస్పెన్షన్‌లో ఉంటే ఆ కుర్చీ ఖాళీగా ఉంచవచ్చా సార్?" అని అడిగింది, చేతులు కట్టుకుని.

మార్తాండరావుగారి మొహం మారిపోయింది. "ఎంత మాట. కుర్చీ ఖాళీగా ఉండటమంటే పరిపాలన స్తంభించడమే. తక్షణం వేరొకరికి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించవలెను."

"అదే సార్ నా బాధ. ఈ కారు బాధ్యతలు ఎవరూ చూడటం లేదు."

"సమాన హోదా గలవారు ఎవరూ లేరా?"

"సమాన హోదా కాదు గానీ, అనుభవం ఉన్నది ఒకటుంది సార్" అని ఆవిడ వ్యానుని చూపించింది.

ఆయన లేచి వెళ్ళి వ్యాను చుట్టూ తిరిగారు. దాని సర్వీసు ఎన్నేళ్ళో అడిగారు, క్రమశిక్షణా చర్యలేమైనా ఉన్నాయా అని అడిగారు. పంక్చరు సంగతి సింహాద్రి ఎత్తలేదు. అక్కడికక్కడే ఉత్తర్వు రాసి సంతకం పెట్టారు. సదరు వ్యాను తన స్వంత విధులకు అదనముగా స్పోర్ట్స్ కారు పూర్తి అదనపు బాధ్యతలు నిర్వహించును. స్వంత విధులంటే చెట్టు కింద పడి ఉండటమే కాబట్టి భారం మరీ ఎక్కువ కాదు.

ఆయన వెళ్ళాక లక్కముద్ర ఊడబీకారు. పిల్లలు వ్యానుని కడిగి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వ్యాను దగ్గి, తుమ్మి, స్టార్టయింది. దమయంతి ఆ రోజు గాల్లో తేలిపోయింది. సింహాద్రి దాన్ని మైదానం చుట్టూ మూడుసార్లు తిప్పి, హారను కొట్టుకుంటూ తెచ్చి పోర్టికోలో నిలబెట్టాడు.

అంతటితో అయిపోయుంటే మన కథకీ మన దేశానికీ సంబంధం లేదనుకోవాలి. ఎంపిక పోటీలకి రేపు తెల్లవారి బయల్దేరాలనగా, ఇవాళ మధ్యాహ్నం ఇంకో ఉత్తర్వు దిగింది. కారుని నియమించినది పంపకాల కమిటీ కాబట్టి, దాన్ని డిస్మిస్ చేసే అధికారం ఆ కమిటీకే ఉంటుందిట. కమిటీ ఎప్పుడో రద్దయిపోయింది. అప్‌గ్రేడు సాధ్యం కాదు. కాబట్టి ఏం చెయ్యాలో ఉత్తర్వులోనే ఉంది.

"సదరు కారు యొక్క సస్పెన్షన్‌ను తక్షణము తొలగించి, తొలగించినట్లు అమలు నివేదికను తగు ఆధారములతో స్వయముగా సమర్పించవలెను. సదరు కారు తనంత తాను పోర్టికో చేరి విధులలో చేరిన మరుక్షణము వ్యాను అదనపు బాధ్యతల నుండి వైదొలగును."

ఉత్తర్వు వెనకాలే ఫోను. "దమయంతిగారూ, శుభవార్త అందిందా? రేపు జట్టుని ఆ కారులోనే వెంటబెట్టుకుని రండి. ఎంపిక పోటీలకి నేనే ముఖ్య అతిథిని. కారు పునర్నియామకాన్ని కళ్ళారా చూడాలని ఉన్నది."

ఫోను పెట్టేసి దమయంతి కుర్చీలో కూలబడింది. బయట పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. నీలవేణి చెప్పులు కడుక్కుని ఆరబెట్టుకుంది, రాజధానికి వెళ్తున్నాం కదా అని. ఆ చెప్పుల్ని చూసేసరికి దమయంతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్లకి ఏం చెప్పాలి? నీ బలమంతా దారిలోనే ఖర్చు పెట్టమ్మా, ప్రభుత్వం ముచ్చటపడుతోంది అని చెప్పాలా?

ఉత్తర్వు మళ్ళీ చదివింది. ఇంకోసారి చదివింది. సస్పెన్షన్‌ను తక్షణము తొలగించి. తొలగించి. ఆవిడ పెదాలు మెల్లగా విచ్చుకున్నాయి.

"సింహాద్రీ, మెకానిక్ మస్తాన్‌ని పిలు. స్పానర్లన్నీ తెమ్మను."

మస్తాన్ వచ్చాడు, విన్నాడు, చెవిలో వేలు పెట్టి తిప్పుకుని మళ్ళీ విన్నాడు. "సస్పెన్షన్ మొత్తం పీకెయ్యాలా మేడమ్? స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ అన్నీనా?"

"అన్నీ. ముందువి రెండూ, వెనకవి రెండూ. పైనుంచి ఆర్డరు."

"మరి కొత్తవి?"

"కొత్తవి వెయ్యమని ఉత్తర్వులో లేదు."

కారు కిందికి జాకీ పెడదామంటే జాకీ దూరలేదు. మస్తాన్ చేతులెత్తేశాడు. నీలవేణి ముందుకొచ్చింది. దమయంతి వద్దంది, ఎల్లుండి పోటీ పెట్టుకుని ఈ బరువులొద్దంది. "ఈ ఒక్కపాలికే కదా మేడమ్. దీన్ని దించడానికైతే ఎత్తుతాం" అని నలుగురూ చేతులు వేశారు. దమయంతి కూడా చీర చెంగు దోపుకుని చెయ్యి వేసింది. ఎన్నేళ్ళైందో ఆవిడ బరువెత్తి. ఓ మూల ఎత్తగానే సింహాద్రి కింద ఇటుకలు పేర్చాడు. అలా నాలుగు మూలలూ అయ్యాయి. పొద్దు వాలేసరికి మస్తాన్ నాలుగు జోడీలూ ఊడదీసి గడ్డిలో పెట్టాడు. ఇటుకలు తీసేశాక కారు ఉస్సురుమని నేల మీద బోర్లా పడుకుంది. గెడ్డం నేలకి ఆనించి పడుకున్న కుక్కలా ఉంది పాపం.

"ఇది ఇంక నడవదు మేడమ్" అన్నాడు మస్తాన్.

"నడిచి పోర్టికోకి వస్తేనే విధుల్లో చేరినట్టు. రాకపోతే వ్యానే ఇన్‌ఛార్జి" అంది దమయంతి. ఆ మాట అనేసి, అందాకా ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి నవ్వింది. పిల్లలు నవ్వారు. ఎందుకో పూర్తిగా తెలియకపోయినా మస్తాన్ కూడా నవ్వాడు.

తెల్లారాక వ్యాను బయల్దేరింది. దారిలో ప్రతి స్పీడ్ బ్రేకరు మీదా వ్యాను ఎగిరింది, వ్యానులో అందరూ ఎగిరారు, తలలు కప్పుకి తగిలాయి. ఎవరూ కిందికి దిగి దేన్నీ ఎత్తలేదు. కారుని ఎత్తే పిల్లలేరీ అని దారిలో జనం నిరాశపడ్డారు. నీలవేణి కిటికీలోంచి వాళ్ళకి చెయ్యూపి, సీటు మీద కాళ్ళు ముడుచుకుని హాయిగా నిద్రపోయింది.

మర్నాడు పోటీల్లో ఆ పిల్ల చేతులకి సుద్దపొడి రాసుకుని బరువు ముందు నిలబడింది. జోన్ పోటీల్లో జారిపోయిన బరువు కంటే ఇది ఎక్కువ. బరువు మోకాళ్ళు దాటింది, నడుం దాటింది, భుజాల మీద ఒక క్షణం ఆగి నెత్తి మీదికి వెళ్ళింది. అక్కడే నిలబడిపోయింది. ముగ్గురు న్యాయనిర్ణేతలూ సరేనన్నట్టు మూడు తెల్ల దీపాలూ వెలిగాయి. రాష్ట్ర జట్టులోకి మొదటి పేరు పైల నీలవేణిది చదివారు. దమయంతి పక్కనున్న వాళ్ళని కూడా చూసుకోకుండా చిన్నపిల్లలా ఏడ్చింది.

ముఖ్య అతిథి దండలు మెడలోంచి తీసుకుంటూ వేదిక దిగి వచ్చారు. బయట నిలబడున్న వ్యానుని చూసి నొసలు చిట్లించారు.

"కారు ఏది? సస్పెన్షన్ తొలగించమన్న ఉత్తర్వు అమలు కాలేదా?"

"ఆ సాయంత్రమే తొలగించాం సార్. నాలుగూ తొలగించాం. కానీ అది ఇంకా విధుల్లో చేరలేదు. నేల మీదే పడుంది."

"అర్థం చేసుకోగలను. మనస్తాపము చెంది ఉంటుంది. కొందరు అలాగే చేస్తారు" అన్నారాయన ఉదారంగా. "పోనీ, అది చేరేవరకూ వ్యానునే కొనసాగించండి. తొలగించినట్టు ఆధారములేవి?"

దమయంతి సైగ చేసింది. సింహాద్రి వ్యాను వెనక తలుపు తీసి, తువ్వాల్లో చుట్టిన దాన్ని పసిపిల్లని మోసినట్టు రెండు చేతులా మోసుకొచ్చాడు. షాక్ అబ్జార్బరు చుట్టూ చుట్టుకుని ఉన్న స్ప్రింగు, ఫ్యాక్టరీలో జోడీ కుదిర్చింది, మట్టీ నూనే పట్టి ఉంది.

"ఏమిటిది?"

"సస్పెన్షనండి" అన్నాడు సింహాద్రి. అని దాన్ని ఆయన చేతుల్లో పెట్టాడు.

మార్తాండరావుగారి చేతులు కిందికి జారాయి. మోకాళ్ళు వంగాయి. తెల్ల చొక్కాకి నూనె అంటింది. పడెయ్యలేక, పట్టుకోలేక, పొట్టకి ఆనించుకుని దానివంక చాలాసేపు చూశారు.

"ఇన్నేళ్ళలో ఎంతమందికి ఇచ్చానో ఇది" అన్నారు నెమ్మదిగా. "ఇంత బరువుంటుందని ఎప్పుడూ అనుకోలేదు."

"ఉంటాదండి" అన్నాడు సింహాద్రి. కాసేపు ఆగి, చెయ్యి సాయం పట్టాడు.